మొహానికి ఎంజైమ్ పొడి: ముందు ముక్కు సంగతి చూడాలి

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు సాయంత్రం పూట చెరువు గట్ల మీద ఒక పని మామూలుగా కనిపిస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, బెల్లం నలగ్గొట్టి వేసి, తవుడు కలిపి, ఆపైన ఒక ప్యాకెట్ చింపి పొడి గుమ్మరిస్తారు. రాత్రంతా నానాక పుల్లటి వాసన వేసే ఆ నీళ్లను వనామి రొయ్యల చెరువులో చల్లుతారు. ప్యాకెట్ మీద సన్న అక్షరాల్లో బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే పేర్లుంటాయి. చెరువు అడుగున పేరుకున్న మిగులు మేతను, రొయ్యల విసర్జనను కరిగించడానికి వదిలే బ్యాక్టీరియా అది. నిజానికి కరిగించే పని ఆ బ్యాక్టీరియా బయటికి వదిలే ఎంజైములది.

అదే బాసిల్లస్ పేరు ఇప్పుడు బ్యూటీ పార్లర్ అల్మారాలోకీ వచ్చింది. ఎంజైమ్ పౌడర్ వాష్, ఎంజైమ్ పీల్, ఎంజైమ్ మాస్క్ అని అమ్మే డబ్బాల్లో కొన్నిటిని తిప్పి చూస్తే పదార్థాల జాబితాలో సబ్టిలిసిన్ అనో, ప్రోటియేస్ అనో, బాసిల్లస్ ఫెర్మెంట్ అనో ఉంటుంది. మిగతావాటిలో బొప్పాయి నుంచి తీసిన పపైన్, అనాస నుంచి తీసిన బ్రోమెలైన్ ఉంటాయి. బ్యాక్టీరియా ఎంజైములతో తయారీదారుకు ఒక సౌకర్యం ఉంది. తోటలతో, పంటకాలంతో పని లేదు. ట్యాంకులో కావలసినంత తయారవుతాయి, సబ్బు నురగలో కూడా పాడవకుండా పనిచేస్తాయి.

చెరువులో వేసేదాన్ని మొహానికి రాయడమేమిటన్న అనుమానం ఇక్కడి మనుషులకు రావడం సహజం. కానీ ఆ అనుమానం తప్పు చోట పడుతోంది. ఈ ఎంజైములు బ్యాక్టీరియా నుంచి వచ్చాయన్నది పెద్ద ప్రమాదం కాదు. అవి ఏ రూపంలో వస్తున్నాయి, ఎవరి చర్మం మీద పడుతున్నాయి, ఎంతసేపు ఉంటున్నాయి, వాటి దుమ్ము ఎవరి ముక్కులోకి పోతోంది అన్నవే అసలు ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు గోదావరి డెల్టాలో వచ్చే జవాబులు హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మనిషికి వచ్చే జవాబుల్లా ఉండవు.

ప్రాణం లేని పనిముట్టు

కోనసీమలో కొబ్బరికాయలు ఒలిచే చోట భూమిలో ఒక గునపం పాతి ఉంటుంది. ఒలిచే మనిషి కాయను దానికి గుచ్చి ఒక మెలిక తిప్పగానే డొక్క ఊడి వస్తుంది. వెయ్యి కాయలు ఒలిచినా గునపం అలాగే ఉంటుంది. పైగా దాని పని డొక్క వరకే, చిప్ప జోలికి పోదు. ఎంజైమ్ అలాంటి పనిముట్టు. అది ఒక ప్రోటీన్. తనకంటూ ప్రాణం లేదు, పిల్లలు పెట్టదు, పెరగదు. ఒక రకం రసాయన బంధాన్ని తెంచడమో అతకడమో చేస్తుంది, తాను ఖర్చు కాకుండా తర్వాతి దానికి పోతుంది. సబ్టిలిసిన్ తెంచేది ప్రోటీన్ గొలుసులను. ఇలా ప్రోటీన్లను తెంచే ఎంజైములను ప్రోటియేస్‌లు అంటారు.

సబ్టిలిసిన్‌ను 1947లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో గుర్తించారు. 1960ల నుంచి బట్టల సబ్బు పొడిలో వాడుతున్నారు. చొక్కా మీది రక్తం మరక, పాల మరక, కూర మరకలో ఉన్న ప్రోటీన్‌ను తెంచి నీళ్లలో కలిపేయడం దాని పని. అంటే డెల్టాలో చాలా ఇళ్లలో ఈ జాతి ఎంజైములు సర్ఫు నీళ్లలో ఏళ్ల తరబడి చేతులకు తగులుతూనే ఉన్నాయి.

తయారీ ఇలా సాగుతుంది. పెద్ద ఉక్కు ట్యాంకుల్లో ఎంపిక చేసిన బాసిల్లస్‌ను పెంచుతారు. అది ఎంజైమును తన చుట్టూ ఉన్న ద్రవంలోకి వదులుతుంది. తర్వాత కణాలను వడకట్టి పారేసి, మిగిలిన ద్రవాన్ని చిక్కబరిచి, ద్రవంగానో పొడిగానో అమ్ముతారు. బాసిల్లస్ సబ్టిలిస్, లైకెనిఫార్మిస్ రెండూ ఐరోపా ఆహార భద్రతా సంస్థ సురక్షితంగా భావించే సూక్ష్మజీవుల జాబితాలో ఉన్నాయి. పూర్తయిన సౌందర్య ఉత్పత్తిలో బతికున్న సూక్ష్మజీవులు ఎన్ని ఉండొచ్చో అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. మామూలు క్రీముల్లో గ్రాముకు 1,000కి మించకూడదు, కళ్ల చుట్టూ వాడేవాటిలో, మూడేళ్లలోపు పిల్లలకు వాడేవాటిలో 100కి మించకూడదు. కాబట్టి సరైన లైసెన్సుతో, సరైన వడపోతతో వచ్చిన డబ్బాలో బ్యాక్టీరియా వల్ల జబ్బు వస్తుందన్న భయం పెట్టుకోనక్కర్లేదు.

చెరువు ప్యాకెట్ సంగతి వేరు. అందులో ఉన్నవి బతికే శక్తి ఉన్న బీజాలు. వాటిని తవుడు, బెల్లంతో నానబెట్టినప్పుడు పెరిగేది బాసిల్లస్ ఒక్కటే అన్న హామీ లేదు. ఇళ్లలో ఈమధ్య బాగా నడుస్తున్న బయో ఎంజైమ్ కూడా అంతే. బత్తాయి తొక్కలు, బెల్లం, నీళ్లు కలిపి మూడు నెలలు పులియబెట్టే ఆ ద్రవం గచ్చు తుడవడానికి పనికొస్తుంది. అందులో ప్రధానంగా ఉండేది పులుపు, అంటే ఆమ్లం. ఎంజైమ్ అన్న పేరు చూసి దాన్ని మొహానికో జుట్టుకో పట్టించడం మంచిది కాదు. డబ్బాలో అమ్మే ఎంజైముకీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

'పడలేదు' అన్న మాటలో రెండు సంగతులు

ఏదైనా రాసుకున్నాక ఎర్రబడినా, మండినా, దద్దుర్లు వచ్చినా తెలుగులో ఒకే మాట అంటాం: "నాకు పడలేదు." వాడుకకు ఆ మాట చాలు. ఎంజైముల విషయంలో మాత్రం ఆ ఒక్క మాటలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి చర్మం ఒరుసుకుపోయి మండటం. రెండోది ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఒక ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకోవడం, అంటే అలర్జీ. మొదటిది మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది. రెండోది ఒకసారి కుదురుకుంటే చిటికెడు పొడికి కూడా లేస్తుంది.

మొదటిదాని సంగతి ముందు. మొహం మీద బయటి పొర వెంట్రుక మందంలో నాలుగో వంతు ఉంటుందేమో. అందులోవి మృతకణాలే, కానీ అవి గోడలో ఇటుకల్లా ఒకదానికొకటి ప్రోటీన్ మేకులతో బిగించి ఉంటాయి. పాత కణాలు రాలిపోవాలంటే ఆ మేకులు తెగాలి. ఆ పనికి చర్మమే సొంతంగా ఎంజైములు తయారు చేసుకుంటుంది, వాటికి పగ్గం వేసే ప్రోటీన్లనూ తయారు చేసుకుంటుంది. రాలడం, నిలవడం ఈ రెంటి తూకం మీద నడుస్తాయి. పైనుంచి రాసే ప్రోటియేస్ కూడా తెంచేది ఆ మేకులనే. మేకులు కొన్ని తెగితే పైనున్న గరుకు రాలి మొహం నున్నగా, కాస్త తేటగా కనిపిస్తుంది. కడిగిన వెంటనే కనిపించే మెరుపు అదే. అందులో మోసమేమీ లేదు.

మోసం ఉన్నది ముడతలు మాయం, లోపలి మచ్చలు మాయం అన్న మాటల్లో. చర్మం గుండా తేలికగా లోపలికి వెళ్లే పదార్థాల బరువు సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) లోపు ఉంటుందన్నది చర్మ శాస్త్రంలో ఒక లెక్క. సబ్టిలిసిన్ బరువు దాదాపు 27,000 డాల్టన్లు. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో అది లోపలి పొరల దాకా పోలేదు. పోలేకపోవడం మంచిదే, భద్రత సగం అక్కడే ఉంది. కానీ లోపలికి పోనిది లోపలి మచ్చను ఎలా తీస్తుంది అని అమ్మేవాళ్లను అడగాల్సిందే.

ఆ భద్రత చర్మం ఆరోగ్యంగా ఉన్నంతవరకే. పగిలిన చర్మం, గజ్జి, తామర ఉన్న చర్మం, ఎగ్జిమాతో ఎర్రబారిన చర్మం, అప్పుడే వ్యాక్సింగో థ్రెడింగో చేయించుకున్న చర్మం గోడలో ఇటుకలు ఊడినట్టే ఉంటాయి. ప్రోటియేస్ శ్రుతి మించితే ఏమవుతుందో ప్రకృతి కొన్ని చోట్ల చూపిస్తూనే ఉంది. నెదర్టన్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు జబ్బులో చర్మం సొంత ఎంజైములకు పగ్గం వేసే ప్రోటీన్ సరిగా తయారు కాదు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచే ఎర్రగా, పొలుసులు ఊడుతూ, అలర్జీలతో ఇబ్బంది పడతారు. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మం మీద తరచుగా పెరిగే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా కూడా సొంత ప్రోటియేస్‌లతోనే ఆ గోడను మరింత చెడగొడుతుంది. కొన్ని ప్రోటియేస్‌లు చర్మ కణాల మీద, నరాల కొసల మీద ఉండే ఒక రకం గ్రాహకాన్ని తట్టి దురద, వాపు పుట్టిస్తాయని కూడా తేలింది. కాబట్టి ఎగ్జిమా ఉన్న చర్మానికి ప్రోటియేస్ రాయడం పుండు మీద కారం చల్లడం లాంటిది.

పార్లర్లలో తరచు వినిపించే మాట ఒకటుంది. "మంటగా ఉందక్కా" అంటే, "మండితేనే కదమ్మా పనిచేసేది" అని. ఇది పూర్తిగా తప్పు. ఎంజైమ్ మేకు తెంచేటప్పుడు మంట పుట్టనవసరం లేదు. మంట అంటే కింద బతికున్న పొర దాకా ఏదో తాకుతోందని చర్మం చెబుతున్నట్టు. ఆ మాట రాగానే కడిగేయాలి.

పుల్లదనం లెక్క కూడా ఒకటుంది. చర్మం పైభాగం మామూలుగా కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. సబ్టిలిసిన్‌కు ఇష్టమైన పీహెచ్ 8 నుంచి 10. అంటే మామూలు చర్మం మీద దాని జోరు తక్కువ. సబ్బుతో మొహం రుద్దుకుంటే చర్మం పీహెచ్ పెరిగి కొన్ని గంటలు అలాగే ఉంటుంది. సబ్బుతో ఒకటికి రెండుసార్లు కడిగి ఆ వెంటనే ఎంజైమ్ ప్యాక్ వేస్తే, ఆపేవాడు ఇంట్లో లేనప్పుడు పనివాణ్ని తోలినట్టే.

1969లో తెలిసింది

రెండో సంగతి అలర్జీ. ఇక్కడ కథ చర్మం దగ్గర మొదలు కాలేదు. సబ్బు ఫ్యాక్టరీలో, ముక్కు దగ్గర మొదలైంది.

1960లలో ఎంజైమ్ కలిపిన బట్టల పొడి ఐరోపాలో, అమెరికాలో విపరీతంగా అమ్ముడైంది. ఎంజైమును అప్పట్లో సన్నటి పిండిలా తెచ్చి బస్తాలు విప్పి కలిపేవారు. 1969లో ఇంగ్లండ్ నుంచి లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసాలు ఆ పనిచేసే మనుషుల పరిస్థితి బయటపెట్టాయి. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. కొందరికి పొడి తగిలిన వెంటనే కాదు, షిఫ్టు ముగిసి ఇంటికి వెళ్లాక కొన్ని గంటలకు ఊపిరి బిగబట్టేది. వాళ్ల రక్తంలో బాసిల్లస్ ఎంజైముకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారయ్యాయి. మొదటి రోజు పొడి పీల్చినప్పుడు ఏమీ కాలేదు, మొదటి నెలా ఏమీ కాలేదు. ఒళ్లు చప్పుడు లేకుండా ఆ ప్రోటీన్‌ను గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాతే లేచింది. 'పోయినసారి వాడాను, ఏమీ కాలేదు' అన్న ధైర్యం అలర్జీ విషయంలో పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఆ అనుభవం తర్వాత కంపెనీలు ఎంజైమును దుమ్ము లేవని చిన్న గుళికలుగా చేసి, పైన మైనం లాంటి పూత వేయడం మొదలుపెట్టాయి. ఫ్యాక్టరీ గాలిలో సబ్టిలిసిన్ ఎంత వరకు ఉండొచ్చన్న దానికి అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం సిఫారసు చేసిన పరిమితి ఘనపు మీటరు గాలికి 60 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఆ లెక్కన గది మొత్తానికి వచ్చేది 1,700 నానోగ్రాములు, అంటే ఒక సన్న ఉప్పు రవ్వ బరువులో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఇది స్వచ్ఛమైన ఎంజైము లెక్క. మొహానికి వాడే పొడిలో ఎంజైమ్ కొద్ది శాతమే, మిగతాది పిండిపదార్థం, టాల్క్, నురగ తెచ్చే పదార్థం. అయినా పొడి పొడే. చిన్న గదిలో రోజూ డబ్బా మూత తీసి గుప్పున వంపితే ఎంత లేస్తుందో ఆలోచించాలి. ఐరోపా రసాయనాల వర్గీకరణలో సబ్టిలిసిన్‌ను శ్వాస అలర్జీ తెచ్చే పదార్థంగా, కళ్లకు తీవ్ర హాని చేసేదిగా నమోదు చేశారు. అది ముడిసరుకు గురించిన మాట, డబ్బా గురించి కాదు. కానీ ముడిసరుకు స్వభావం తెలుసుకోకుండా డబ్బా గురించి మాట్లాడలేం.

ఇంట్లో ఎంజైమ్ సర్ఫు వాడేవారి సంగతి అడగొచ్చు. దశాబ్దాల పరిశీలనల్లో గుళికల రూపంలో ఉన్న పొడి వల్ల ఇల్లాళ్లకు చర్మ అలర్జీ వస్తుందని తేలలేదు. బట్టలు ఉతికితే చేతులు ఎండి పగలడానికి ఎక్కువ కారణం నురగ పదార్థం, నీళ్లలో నానడం. ఇది ధైర్యం ఇచ్చే సంగతే. కానీ సర్ఫుకు వచ్చిన ఈ మంచి పేరును మొహానికి వాడే పొడికి అలాగే అంటించకూడదు. సర్ఫు నీళ్లు మోచేతుల దగ్గర ఆగుతాయి. మొహానికి వాడే పొడి కళ్లకు, పెదాలకు, ముక్కు రంధ్రాలకు వేలెడు దూరంలో ఉంటుంది.

ఈ తేడాను ఒక పరీక్ష నేరుగా చూపింది. ఎంజైమ్ కలిపిన స్నానపు సబ్బును అలర్జీ స్వభావం ఉన్నవాళ్లకు ఇచ్చి ఆరు నెలలు వాడించి చూశారు. ఫలితాలు 1998లో అలర్జీ శాస్త్ర పత్రికలో వచ్చాయి. షవర్ కింద ఆ సబ్బు వాడినప్పుడు తుంపరలతో పాటు ఎంజైమ్ గాలిలోకి లేచింది, కొందరిలో దానికి వ్యతిరేకంగా అలర్జీ యాంటీబాడీలు తయారయ్యాయి. తడి సబ్బులో దుమ్ము లేవదు కదా అనుకునేవాళ్లకు ఇది కనువిప్పు. తుంపర కూడా దుమ్ములాగే ముక్కులోకి పోతుంది.

జపాన్ అనుభవం ఇంకా గట్టిది. అక్కడ 2004 నుంచి 2010 వరకు అమ్మిన ఒక మొహం సబ్బులో గోధుమ ప్రోటీన్‌ను ముక్కలు చేసి కలిపారు. అది ఎంజైమ్ కాదు, బ్యాక్టీరియాతో సంబంధం లేదు, మనిషి రోజూ తినే గోధుమే. రోజూ నురగతో మొహానికి, కళ్ల చుట్టూ రాసుకున్న 2,000 మందికి పైగా గోధుమ అలర్జీ పట్టుకుంది. అంతకుముందు హాయిగా రొట్టె తిన్నవాళ్లకు, తర్వాత రొట్టె తిని కాస్త నడిస్తే కనురెప్పలు వాచిపోయాయి, కొందరు స్పృహ తప్పారు. మొహం చర్మం మీద, నురగతో కలిపి, రోజూ ప్రోటీన్ రాయడం చిన్న పని కాదని ఆ సబ్బు చెప్పింది. ప్రకృతి సిద్ధం అన్న మాట కూడా రక్షణ కాదు. బొప్పాయి పపైన్ ఉన్న, అనుమతి లేని పైపూత మందులను 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్కెట్ నుంచి తీయించింది. పుండ్ల మీద రాసినవాళ్లలో కొందరికి తీవ్రమైన అలర్జీ వచ్చి రక్తపోటు పడిపోవడం అందుకు కారణం. పచ్చి బొప్పాయి చెక్కు తీసేటప్పుడు పాలు తగిలి చేతులు చిమచిమలాడటం ఇక్కడ చాలామందికి తెలుసు. బ్యాక్టీరియాది చెడ్డది, మొక్కది మంచిది అన్న విభజనకు ఎంజైముల దగ్గర అర్థం లేదు.

డెల్టాలో ఎవరి చేతులు, ఎవరి ఊపిరి

పొడి వాష్ వాడే తీరు ఒకసారి దగ్గరగా చూడాలి. తడి అరచేతిలో పావు చెంచా పొడి వేసుకుంటారు, రెండు చేతులూ రుద్ది నురగ చేస్తారు, ఆ తర్వాతే మొహానికి పోతుంది. పొడి అన్నిటికంటే చిక్కగా తగిలేది మొహానికి కాదు, అరచేతికి. ఇప్పుడు ఆ అరచేయి ఎవరిదో చూడాలి.

రొయ్యల షెడ్లలో తలలు తీసే, పొట్టు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్లది. ఐసు నీళ్లలో గంటల తరబడి చేతులు, రొయ్య కొమ్ము గుచ్చుకున్న గాట్లు, క్లోరిన్ నీళ్ల ముంచుడు. రొయ్య తలలోని జీర్ణ ఎంజైములు కూడా ప్రోటీన్లను తెంచేవే. సాయంత్రానికి వేళ్ల సందులు తెల్లగా పాసిపోయి, గోళ్ల పక్కన పగుళ్లు వస్తాయి. ఇలాంటి చేతుల్లో ఆహార ప్రోటీన్లు తగిలి వచ్చే దురద జబ్బును 1976లోనే డెన్మార్క్ వైద్యులు అక్కడి వంటపని చేసేవాళ్లలో గుర్తించి, ప్రోటీన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అని పేరు పెట్టారు. సముద్రాహారం శుద్ధి చేసే కార్మికుల్లో గాలిలో తేలే రొయ్య, పీత ప్రోటీన్ వల్ల ఆస్తమా రావడం కూడా చాలా దేశాల్లో నమోదైంది. రోజంతా ఒక ప్రోటియేస్‌తో, ఒక అలర్జీ ప్రోటీన్‌తో గడిపిన చేతికి ఇంటికొచ్చాక మరో ప్రోటియేస్ పొడి అందించడం తెలిసి చేయాల్సిన పని కాదు. ఆ అక్కచెల్లెళ్లకు ముందు కావలసింది పగలని గ్లవ్స్, చేతులకు రాత్రిపూట కొబ్బరినూనో వాజలీనో. మొహం మెరుపు తర్వాతి మాట.

ఇక పార్లర్. అమలాపురం, పాలకొల్లు, తణుకు లాంటి ఊళ్లలో మాఘమాసం, శ్రావణమాసం ముహూర్తాలు మొదలైతే పార్లర్‌లో పనిచేసే అమ్మాయికి ఊపిరి సలపదు. కస్టమర్ నెలకోసారి వచ్చి ఒకసారి పొడి పీలుస్తుంది. పనిచేసే అమ్మాయి రోజుకు ఎన్ని ఫేషియల్స్ చేస్తే అన్నిసార్లు పీలుస్తుంది. చల్లదనం పోకుండా తలుపులు మూసి ఏసీ వేసిన గది. ప్లాస్టిక్ గిన్నెలో పొడి వేసి, గిన్నెను మొహం దగ్గర పెట్టుకుని బ్రష్‌తో కలుపుతుంది, పక్కన ఆవిరి యంత్రం నడుస్తూ ఉంటుంది. జుట్టు బ్లీచ్ చేసే పొడిలోని పెర్సల్ఫేట్ల వల్ల సెలూన్ పనివాళ్లకు ఆస్తమా రావడం వైద్యంలో ఏనాటి నుంచో తెలిసిన సంగతి. ఎంజైమ్ పొడి కూడా అదే గదిలోకి, అదే మనిషి ముక్కు దగ్గరికి వస్తోంది. 1969 నాటి ఫ్యాక్టరీ మనిషికి ఆఖరికి గాలి కొలిచే ఏర్పాటు వచ్చింది. పార్లర్ అమ్మాయికి అది లేదు. ఈ మొత్తం విషయంలో అందరికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఆమె గురించే.

చేయాల్సినవి మాత్రం పెద్ద ఖర్చువేమీ కావు. పొడి కంటే ద్రవరూపంలోనో జెల్ రూపంలోనో ఉన్నది కొనాలి. పొడి తప్పదంటే గిన్నెలో ముందు నీళ్లు పోసి, ఆపైన పొడిని నీటికి దగ్గరగా వంపాలి. నీళ్లు తర్వాత పోస్తే పొడి లేస్తుంది. కలిపేటప్పుడు కిటికీ తెరవాలి, ఏసీ గాలి, ఫ్యాన్ గాలి గిన్నె మీద పడకూడదు. బల్ల మీద ఒలికిన పొడిని చీపురుతో ఊడవకూడదు, తడి గుడ్డతో తుడవాలి. మామూలు బట్ట మాస్కు సన్న పొడిని ఆపలేదు, ఎన్95 రకం కొంత ఆపుతుంది. చేతికి గ్లవ్స్ ఎలాగూ ఉండాలి. ఎంజైమ్ ప్యాక్ వేసిన మొహం మీద ఆవిరి పట్టడం, పైన తడి గుడ్డ కప్పి ఎక్కువసేపు ఉంచడం మానేయాలి.

ఇక్కడి గాలి కూడా లెక్కలోకి వస్తుంది. రోహిణి కార్తెలో డెల్టా ఉక్కపోత తెలియనిది కాదు, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. చెమటతో నానిన పైపొర ఉబ్బి, దేన్నైనా కొంచెం సులువుగా లోపలికి రానిస్తుంది. చెమటకాయలు పేలిన మెడ మీద, బ్లౌజు అంచు ఒరుసుకున్న చోట ఎంజైమ్ రాస్తే మంట ఖాయం. నిల్వ సంగతి ఇంకోటి. వేడికి, తేమకు ఎంజైమ్ పనిచేసే గుణం పోగొట్టుకుంటుంది. రేకుల షెడ్డు దుకాణంలో మే నెలంతా ఉన్న డబ్బాలో పని చేసే ఎంజైమ్ ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. పని పోయినా ప్రోటీన్ అక్కడే ఉంటుంది, దాని అలర్జీ గుణం మొత్తం పోయిందని చెప్పలేం. మెరుపు రావట్లేదని ఇంకాస్త పొడి ఎక్కువ వేసుకోవడం అప్పుడు రెండు విధాలా నష్టం.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సిన కలయిక మరొకటి ఉంది. తెల్లబడాలనో, తామర తగ్గాలనో మందుల షాపులో అడిగి తెచ్చుకునే మిశ్రమ క్రీముల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చారు, అయినా చీటీ లేకుండా కొనే అలవాటు పోలేదు. నెలల తరబడి ఆ క్రీము రాసిన మొహం పలచబడి, ఎండకు కందిపోతూ ఉంటుంది. అలాంటి మొహానికి ఎంజైమ్ పీల్ వేయకూడదు. కానీ వచ్చిన కస్టమర్‌ను 'మొహానికి ఏ క్రీము రాస్తున్నారండీ' అని పార్లర్‌లో అడగడం చాలా అరుదు. ముడతలకు రాసే రెటినాల్ వాడుతున్నవాళ్లకు, ఆమ్లాల పీల్ చేయించుకున్నవాళ్లకు కూడా ఆ ప్రశ్న పడాలి.

డబ్బా మీద ఏం చూడాలి

మన దేశంలో సౌందర్య ఉత్పత్తులు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ నియమాల కింద నడుస్తాయి. ఇక్కడ తయారు చేస్తే రాష్ట్ర లైసెన్సు, బయటి నుంచి తెస్తే కేంద్రంలో రిజిస్ట్రేషన్ ఉండాలి. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, పదార్థాల జాబితా డబ్బా మీద ఉండాలి. ఇవి లేని, జిప్ కవర్లలో తూకం వేసి అమ్మే 'పార్లర్ పౌడర్' ఏదైనా ఎంత చవకైనా కొనకూడదు. అందులో ఏముందో తెలియనప్పుడు, ఏదైనా జరిగాక డాక్టరుకు చెప్పడానికి కూడా ఏమీ ఉండదు.

సరైన డబ్బా మీద కూడా కనిపించనిది ఒకటుంది: ఎంజైమ్ బలం. ఎంజైమును గ్రాముల్లో కొలిస్తే చాలదు, ఎన్ని యూనిట్ల పని చేస్తుందో చెప్పాలి. ఒక గ్రాము బలమైన ఎంజైమ్, ఒక గ్రాము బలహీనమైన ఎంజైమ్ ఒకటి కావు. పదార్థాల జాబితాలో పేరు మాత్రమే ఉంటే కొనేవాళ్లకు తెలిసేది సగమే. ఎంజైమ్ రాసిన ప్రతి డబ్బా మీద యూనిట్లు, ఎంతసేపు ఉంచొచ్చో, ఎవరు వాడకూడదో ముద్రించమని అడగడం అత్యాశ కాదు. మందు బిళ్ల మీద మిల్లీగ్రాములు ఉన్నట్టే ఇది.

జాబితాలో బ్యాక్టీరియా పేరు పక్కన 'ఫెర్మెంట్ లైసేట్', 'ఫెర్మెంట్ ఫిల్ట్రేట్' అని ఉంటే అది ప్రోటీన్ తెంచే ఎంజైమే కానక్కర్లేదు, పులియబెట్టిన ద్రవంలోని రకరకాల పదార్థాల కలయిక. ఎండ దెబ్బ సరిచేస్తామనే ఖరీదైన సన్‌స్క్రీన్లలో కొన్నిటిలో ఉండే ఫోటోలయేస్ నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా నుంచి వచ్చిన ఎంజైమ్. అది డీఎన్ఏలో ఎండకు అతుక్కుపోయిన చోట్లను వెలుతురు సాయంతో విడదీస్తుంది, చర్మం మేకులు తెంచదు. దాని మంచిచెడులు వేరే లెక్క. ఎంజైమ్ అన్న ఒక్క మాట చూసి అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

వాడాలనుకునే ఆరోగ్యవంతులు ముందు మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట, డబ్బా మీద చెప్పినంతసేపే రాసి కడిగి, అలా వారం రోజులు చూడాలి. ఒక్కరోజు చూసి వదిలేస్తే ఆలస్యంగా వచ్చేది తెలియదు. మొహానికి వారంలో ఒకటి రెండుసార్లు మించకుండా, కళ్ల చుట్టూ వదిలేసి, రాత్రంతా ఉంచకుండా వాడాలి. ఆస్తమా, ఎగ్జిమా, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు పొడి రూపం జోలికే పోకపోవడం మేలు. నలుగు పిండి, శనగపిండితో గరుకు పోయే మొహానికి సబ్టిలిసిన్ తప్పనిసరి ఏమీ కాదు.

రాసిన చోట మండి ఎర్రబడితే మంచినీళ్లతో కడిగి ఆపేస్తే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. రాయని చోట కూడా దద్దుర్లు లేచినా, పెదాలు, కనురెప్పలు వాచినా, గొంతు పట్టేసినా, ఆయాసం వచ్చినా అది అలర్జీ. అప్పుడు ఇంట్లో మాత్రలు వెతుకుతూ కూర్చోకూడదు, 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి పోవాలి. తర్వాత అదే ఎంజైమును మరో బ్రాండు డబ్బాలో కూడా తాకకూడదు. డబ్బా పారేయకుండా ఉంచి జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చు.

పార్లర్‌లో పనిచేసే అమ్మాయికి మాత్రం ఇంత గట్టిగా రాకపోవచ్చు. ముందు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. జలుబే అనుకుంటుంది. కొన్నాళ్లకు రాత్రిపూట దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. పార్లర్ సెలవు రోజు బాగానే ఉండి, మర్నాడు పనిలోకి వచ్చిన సాయంత్రం మళ్లీ మొదలైతే, పండక్కి వారం రోజులు పుట్టింట్లో ఉంటే పూర్తిగా తగ్గితే, అది పని వల్ల వచ్చే ఆస్తమా కావచ్చని అనుమానించడానికి చాలు. పొడి పీల్చడం తొందరగా మానితే నయమయ్యే అవకాశం ఎక్కువ, ఏళ్లు గడిచాక మానినా కొందరికి ఆయాసం మిగిలిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏ రోజు ఎక్కువైంది, ఏ రోజు తగ్గింది అని రెండు వారాల లెక్క ఒక కాగితం మీద రాసుకుని, దాంతో పాటు ఆ పొడి డబ్బాను మూత గట్టిగా బిగించి తీసుకెళ్లి చూపించాలి.